తిరగేసి తొడుక్కున్న బనియన్

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడి మూతపడినప్పుడు నేను జనగామలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్నాను. మా ఊరు రఘునాథపల్లి పక్కనే. ఇంటికి పోతే నాయిన పొలం పనికి పంపుతాడని పోలేదు. పొద్దున ఊరేగింపుల్లో తిరిగి, ఎండ తగ్గగానే బడి వెనక మైదానంలో నెట్టు కట్టుకునేవాళ్లం. ఆ ఏడు చదివింది ఏమీ లేదు. వాలీబాల్ మాత్రం వచ్చింది.

దాంతోపాటే అనుమానమూ వచ్చింది. ఒక తెల్లవారుజామున పోలీసులు మాతో ఆడే ఇద్దరిని, వాళ్లు దాక్కున్న ఇంటికే నేరుగా వచ్చి పట్టుకుపోయారు. ఎవడో చెప్పకపోతే ఆ ఇల్లు ఎట్లా తెలుస్తుంది అన్నారు అందరూ. నేను మైదానం పక్కన సోడాలు అమ్మే ముసలాయన మీద అనుమానం పెట్టుకున్నాను. అంతకు ముందురోజు ఆయన ఒక కానిస్టేబుల్‌కు పైసలు తీసుకోకుండా సోడా ఇవ్వడం నా కంటపడింది. నా దగ్గరున్న రుజువు అంతే. కానిస్టేబుల్‌ను పైసలు అడిగే సోడా బండి ఎక్కడైనా ఉంటుందా అని నాకు తట్టలేదు. నా మాట విని మావాళ్లంతా ఆయన దగ్గర తాగడం మానేశారు. కొన్నాళ్లకు బండి అక్కడ కనపడకుండా పోయింది. తప్పు చేశాడు కాబట్టే పోయాడని నేను అందరితో అన్నాను.

ఒక్కడు మాత్రం చివరిదాకా ఆ బండి దగ్గర సోడా తాగాడు. అతను మా లిఫ్టర్. ఎందుకు తాగుతున్నావని నిలదీస్తే, "దప్పికైతె తాగుత పటేలా. ఎవలో చెప్పిన్రని నా గొంతు ఎండబెట్టుకోవాల్నా?" అన్నాడు.

వాలీబాల్ ఎరగనివాళ్లకు లిఫ్టర్ అంటే ఎవరో చెప్పాలి. అవతలి జట్టు నుంచి వచ్చిన బంతిని మనవాళ్లు ఆపి లిఫ్టర్‌కు అందిస్తారు. అతను దాన్ని మునివేళ్లతో నెట్టు పక్కన గాలిలోకి లేపుతాడు. పరుగెత్తి ఎగిరి దాన్ని కొట్టేవాడు షూటర్. చప్పట్లు షూటర్‌కు పడతాయి. కానీ బంతి ఎక్కడికి వస్తుందో నమ్మి, అది రాకముందే ఎగరాలి. నేను షూటర్‌ను. అతని చేతుల్ని నమ్మి నేను ఎన్నిసార్లు ఎగిరానో నాకే తెలియదు.

అతని నాన్న జనగామ బజారులో దర్జీ. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. ఇంటినిండా తినే నోళ్లు, ఒక్క మిషను. మాకు భూములున్నాయని నన్ను ఎగతాళిగా పటేలా అనేవాడు. నేను భాయ్ అనేవాణ్ని.

ఆ ఆటే మా ఇద్దరికీ ఉద్యోగం తెచ్చింది. ఒక సర్కారు డిపార్ట్‌మెంటు తన టీము కోసం ఆటగాళ్లను తీసుకుంటుంటే ఒకేరోజు సెలక్షనుకు పోయి, ఒకేరోజు చేరాం. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, పోస్టింగు. పేరుకు ఆఫీసులో గుమాస్తాలం, పని సాయంత్రం ఆట. ఇంకా పర్మినెంటు కాలేదు. చేరిన రోజే ఆటల వ్యవహారం చూసే ఆఫీసరు సారు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. బయట టోర్నమెంట్లలో డబ్బుకు ఆడినట్టు తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తానన్నాడు. నాకు ఆ ఉద్యోగం గొప్ప. లిఫ్టర్‌కు అదే బువ్వ.

అప్పట్లో ఊళ్ల మధ్య వాలీబాల్ పోటీలు జోరుగా జరిగేవి. పందెం ఊరి పరువు మీద. గెలవడానికి ఊరివాళ్లు బయటి ఆటగాళ్లను పిలిపించుకుని, దొంగపేర్లు పెట్టి, మా మేనల్లుడని, మా బామ్మర్ది అని చెప్పి దింపేవాళ్లు. భూపాలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక ఊరి నుంచి అట్లాంటి పిలుపు వచ్చింది. మొదటి బహుమతి కప్పు, కోసుకు తినడానికి ఒక యాటపోతు. నేను ఊగిపోయాను. లిఫ్టర్ వద్దన్నాడు. పర్మినెంటు అయ్యేదాకా ఆగుదామన్నాడు. అతను లేకుండా నేను ఎవరి లిఫ్టుకు ఎగరాలి? రెండు రోజులు వెంటపడ్డాను. నువ్వు రాకపోతే మన దోస్తీ ఇంతేనన్నాను. చివరికి వచ్చాడు.

వరంగల్ దాకా రైలు, పరకాల మీదుగా బస్సు, ఆ తర్వాత ట్రాక్టరు. లిఫ్టర్ మామూలు తెల్ల బనియన్ తెచ్చుకున్నాడు. నేను డిపార్ట్‌మెంటు ఇచ్చిన ఆట బనియన్ తెచ్చాను. పల్చటి పసుపు గుడ్డ, వీపు మీద నీలం గుడ్డతో కత్తిరించి కుట్టిన అక్షరాలు, కింద నంబరు. అది వేసుకుంటేనే నాకు ఆట వస్తుందని ఒక పిచ్చి నమ్మకం. అక్షరాలు కనపడకుండా తిరగేసి తొడుక్కున్నాను. లిఫ్టర్ చూసి మొహం చిట్లించాడు.

"ఇప్పెయ్ పటేలా. నా బనీను ఇంకోటి ఉంది, గది తొడుక్కో."

"నీ బనీను నాకు పడుతదా? పక్కటెముకలు లెక్కవెట్టుకుంటరు జనం," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

ఆ ఆట ఆడినంత బాగా నేను మళ్లీ ఆడలేదు. జనం చెట్లెక్కి చూశారు. మైకులో నా దొంగపేరు మోగిపోయింది. మధ్యలో ఆపినప్పుడు లిఫ్టర్ వచ్చి నా వీపు మీద తువ్వాల కప్పి ఏదో అన్నాడు. నాకు చల్లగాలి కావాలి, తీసి అవతల పడేశాను. గెలిచాం. చివరి గేములో అతని బొటనవేలు బెణికింది. దవాఖానకు పోతే ఎక్కడ తగిలిందని అడుగుతారని గుడ్డ తడిపి కట్టుకుని ఊరుకున్నాడు.

మానుకోటకు వచ్చిన వారానికి ఆఫీసు ప్యూన్ నా చెవిలో వేశాడు: "సారుకు ఏదో తెల్సిందన్నా. బయట ఆడినవట గద." ఆ వెంటనే మనసు పాత దారి పట్టింది. ఎవడో చెప్పి ఉండాలి. ఇక్కడి నుంచి పోయింది మేమిద్దరమే. నేను చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను లిఫ్టర్‌ను చూడటం మొదలుపెట్టాను. చూస్తే ప్రతిదీ సాక్ష్యమే. ఒక సాయంత్రం లిఫ్టర్ సారు ఇంటి గేటులోంచి చేతిలో సంచితో బయటికి వచ్చాడు. అడిగితే సారు ప్యాంట్లు వదులు చేయించడానికి జనగామకు పట్టుకుపోతున్నానన్నాడు. ప్యాంట్ల వంకతో ఇంకేం అప్పజెప్పాడో అనుకున్నాను. ఇంకో టోర్నమెంటుకు పిలుపొస్తే గట్టిగా వద్దన్నాడు. ముందే తెలిసినట్టు భయపడుతున్నాడు అనుకున్నాను. అన్నిటికన్నా, అతని లిఫ్టు మారింది. బంతి జానెడు తక్కువ ఎత్తులో వచ్చేది. కావాలనే చేస్తున్నాడు, నన్ను పనికిరానివాణ్ని చేసి తన పర్మినెంటు చూసుకుంటున్నాడు అనుకున్నాను. బెణికిన వేలు రోజూ నా కళ్లముందే ఉంది. దాన్ని నేను చూడలేదు.

ఒక రోజు ప్రాక్టీసులో అతను బంతి లేపాడు, నేను ఎగరలేదు. ఉన్నచోటే నిలబడ్డాను. బంతి మా ఇద్దరి మధ్య పడి రెండుసార్లు ఎగిరి ఆగింది. టీము అంతా చూసింది. లిఫ్టర్ పోయి బంతి తీసుకుని, బొటనవేలు చొక్కాకు తుడుచుకుని, మళ్లీ లేపాడు. మళ్లీ ఎగరలేదు.

మర్నాడు సారు పిలిచాడు. ఆయనది కోస్తా వైపు. కోపంలో కూడా నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆడింది నిజమేనా అన్నాడు. నిజమేనన్నాను. "ఒక్కడివే వెళ్లావా, ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఆ ప్రశ్నలోనే ఉంది, లిఫ్టర్ సంగతి ఆయనకు తెలియదని. బుద్ధి ఉన్నవాడికి అక్కడే వెలగాలి. నాకు మాత్రం, నన్ను పట్టించినవాణ్ని కాపాడటానికి ఈయన నాటకం ఆడుతున్నాడనిపించింది.

"తీసుకపోయిందే మా లిఫ్టర్ సార్. నేను వద్దన్న," అన్నాను.

సారు లిఫ్టర్ పేరు కాగితం మీద రాసుకున్నాడు. రెండో పేరు వస్తుందని ఆయన అనుకోలేదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎవరు చెప్పారా అని కదూ నీ ఆలోచన? ఎవరూ చెప్పలేదయ్యా. ఆ ఊళ్లో మా బావమరిది టీచరు. వాలీబాల్ చూడ్డానికి వెళ్లాడట. చెమటకి నీ బనియను తడిసి ఒంటికి అతుక్కుంటే, నీలం అక్షరాలు తిరగబడి కనపడుతున్నాయట, కింద నంబరుతో సహా. జనం చదువుకుని నవ్వుకున్నారట. ఆ నంబరు ఎవరిదో ఇక్కడ చూసుకున్నాను, అంతే."

అప్పుడు నాకు తువ్వాల గుర్తొచ్చింది.

చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి నాకు ఆ గదిలో ఇంకా సమయం ఉంది. సారు కాగితాలు సర్దుకుంటున్నాడు. నేను నోరు తెరవలేదు. అబద్ధమాడానంటే రెండో తప్పవుతుంది, ఉద్యోగం పోవడం ఖాయమనుకున్నాను. నమస్తే పెట్టి బయటికి వచ్చాను.

తర్వాత జరిగింది త్వరగా జరిగింది. మా నాయిన ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చి సారును కలిశాడు. ముందు పెద్ద పోటీలున్నాయి, షూటర్ కావాలి. నన్ను మందలించి ఉంచారు. లిఫ్టర్ తరఫున వచ్చేవాళ్లెవరూ లేరు. పైగా నా మాట ప్రకారం తీసుకెళ్లినవాడు అతను. అతన్ని తీసేశారు. గదిలో సామాను సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. "పోయొస్త పటేలా," అన్నాడు. అంతే. ఆ మాట విని, వీడికి తెలుసా తెలియదా, తెలిస్తే ఏం చేస్తాడు అని చాలా రోజులు భయపడ్డాను. జాలికన్నా ముందు వచ్చింది ఆ భయం.

కొత్త లిఫ్టర్ వచ్చాడు. మంచివాడే. కానీ నేను ఎగిరే ముందు బంతి ఎక్కడికి వస్తుందో చూసి ఎగరడం మొదలుపెట్టాను. చూసి ఎగిరేవాడికి బంతి అందదు. రెండేళ్లలో టీములోంచి తీసేసి ఫైళ్ల ముందు కూర్చోబెట్టారు.

ఎనభైలలో ఒకసారి మా తమ్ముడి పత్తి అమ్మడానికి కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయాను. ట్రాక్టరు దిగుతుంటే ఎవరో పటేలా అని పిలిచారు. గేటు పక్కన రేకుల కింద మిషను పెట్టుకుని చినిగిన సంచులు కుడుతున్నాడు మా లిఫ్టర్. అప్పటికే జుట్టు నెరిసింది. బొటనవేలు వంకరగానే ఉండిపోయింది. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. నాయిన బాగున్నడా, పిల్లలెంతమంది అని అడిగాడు. ఆ మాటల్లో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందా అని నేను వెతుకుతూ జవాబులు చెప్పాను. చివరికి ఉండబట్టలేక అన్నాను.

"భాయ్, ఆనాడు సారు దగ్గర నీ పేరు చెప్పింది నేనే. తీసుకపోయింది నువ్వేనని కూడ చెప్పిన."

"సారు గా దినమే చెప్పిండు," అన్నాడు, మిషను ఆపకుండా.

"మరి నన్ను ఒక్క మాటన్న అడగకపోతివి?"

"అడిగితె ఏం జెప్తవ్? నేనే నిన్ను పట్టిచ్చిన్ననుకోని నా పేరు చెప్పిన్నంటవ్. గది నాకు ఎర్కే." దారం పళ్లతో తెంపాడు. "సోడాల ముసలాయన్ను చూడలేదా నేను."

మా పత్తి సంచుల్లో ఒకటి దారిలో చినిగింది. నేను వద్దంటున్నా అతనే లేచి వచ్చి కుట్టాడు. పైసలు ఇవ్వబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. తీసుకో అన్నాను. ఉండనియ్ అన్నాడు.

ట్రాక్టరు రైలు గేటు దాటేదాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను, పైసలు ఎందుకు తీసుకోలేదా అని.