క్యాసెట్‌లో మిగిలిన జాగ

ఆ రోజుల్లో సిద్దిపేటలో కంపెనీవాళ్ల అసలు క్యాసెట్ కొన్నవాళ్లను నేను చూడలేదు. ఖాళీ క్యాసెట్ తీసుకెళ్లి బస్టాండు దగ్గరి రికార్డింగ్ దుకాణంలో ఇస్తే, అక్కడి అన్న సాయంత్రానికల్లా పాటలు నింపి ఇచ్చేవాడు. ఇంటర్ చదువుతున్న నేనూ అప్పట్లో అందరూ వినే ఒక హిందీ పాప్ గాయని మొదటి క్యాసెట్‌ను అలాగే చేయించుకున్నాను. పాటలన్నీ బాగుండేవి. ఆఖరిది మాత్రం నా ప్రాణం. డప్పుల హోరు లేకుండా, పక్కన కూర్చుని పాడినట్టుండే ఆ పాట వింటే ఏడుపొచ్చేది. ఆమె ఎదురుగా నిలబడి ఆ పాట పాడగా ఒక్కసారి వినాలి, అంతే నా కోరిక.

ఆమె హైదరాబాదులో పాడబోతోందని తెలిసింది. తీసుకెళ్లమని అడిగితే మా బాపు ససేమిరా అన్నాడు. ఇంతలో ఆ ప్రోగ్రాం పెట్టేవాళ్లే మా ఊళ్లో అభిమానులకు పోటీ పెట్టారు. ఆమె పాటల సంగతులు ఎవరికి ఎక్కువ తెలిస్తే వాళ్లకు రెండు పాసులు.

"గెలువు, నేనే తోల్కపోత," అన్నాడు బాపు, నేను గెలవనన్న ధీమాతో. బట్టల దుకాణం వదిలి కదలని మనిషి, పోటీ రోజు షటర్ దించి మరీ వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

ఏ పాటతో పేరొచ్చింది, ఏ క్యాసెట్ ముందు, ఏది తర్వాత, అన్నీ టకటకా చెప్పేశాను. చివరికి నేనూ, గజ్వేల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయీ మిగిలాం. మొదటి క్యాసెట్‌లో ఆఖరి పాట ఏదని అడిగారు. నాకు నవ్వొచ్చింది. చెప్పడమేమిటి, పాడేశాను. హాలంతా నాతో గొంతు కలిపింది.

"ఇది ఆమె పాట కాదమ్మా," అన్నాడు పోటీ నడపడానికి హైదరాబాదు నుంచి వచ్చినాయన.

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. హాలు భగ్గుమంది.

"ఏం మాట్లాడుతున్నవయ్యా? ఇంటింటికి ఉన్నది గీ పాట!"

ఆయన అసలు క్యాసెట్ తీసి టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. చివరిదాకా తిప్పితే, మా క్యాసెట్లలో చివరి నుంచి రెండోది వచ్చింది, అయిపోయింది. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని ఆ గరగర విన్నది. గజ్వేల్ అమ్మాయి టేపు పెట్టకముందే ఆ పాట పేరే చెప్పి ఉంది, పాసులు ఆమెకే దక్కాయి.

"మా దిక్కు నింపే క్యాసెట్ల గా పాట అయినంక ఖాళీనే ఉంటది," అంది పాపం, నన్ను చూసి జాలిపడి.

నేను తిన్నగా రికార్డింగ్ దుకాణానికి పోయాను. వెనకే బాపు.

"జాగ మిగిలింది చెల్లె. ఉత్తగ ఎందుకు ఇడవాలని ఏదో పాట ఏసిన. అందరికి గట్లనే ఏసిన," అన్నాడు అన్న, పెద్ద ఉపకారం చేసినట్టు.

"ఎవరిదన్నా ఆ పాట?"

"నాకేం ఎరుక? ఎవరో ఇచ్చిన పాత క్యాసెట్ల ఉండె. పేరు గీరు ఏం లేకుండె."

అతని మీద అరవాలనుకున్నాను. ఇన్నాళ్లూ నేను ఎవరి కోసం ఏడ్చినట్టు?

బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఊకో బిడ్డా. పాసులు పోతే పోనియ్. టికెట్ కొంట, పోదాం."

ఆ మాట కోసం ఎన్నిసార్లు అన్నం మానేసి అలిగానో!

"ఎందుకు బాపు? ఆమె గా పాట పాడదు గద."

బాపు "మరి ఎవరు పాడిన్రు బిడ్డా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు మా ఊళ్లో ఒక్కరి దగ్గరా జవాబు లేదు.