డెల్ఫిన్‌గారి ఆరుగురు మేనత్తలు

డెల్ఫిన్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. గోడ దాటించే నిచ్చెనలన్నిటికీ తన మేనత్తల పేర్లు పెట్టుకున్నాడు. చారింగ్ అత్త, సబెల్ అత్త, ఉపెంగ్ అత్త, ఇలా మొత్తం ఆరుగురు. అసలు పేర్లేమిటని ఎవరైనా అడిగితే, "పెద్దవాళ్ళ అసలు పేర్లు అడక్కూడదు, మర్యాద కాదు" అనేవాడు.

గోడ అంటే ఇటుకల గోడ కాదు. కున్‌మింగ్ అనే ఊళ్ళో కూర్చుని, ఇంట్లోవాళ్ళతో ముఖం చూసి మాట్లాడదామని ఫోన్ తీస్తే తెర మీద ఒక చక్రం గిరగిరా తిరుగుతుంది. బయటి దేశాల యాప్‌లని చాలావరకు అక్కడి సర్కారు తెరుచుకోనివ్వదు, ఆ అడ్డే గోడ. వాటిని దొంగదారిన తెరిపించే యాప్‌ని ఆ ఊరివాళ్ళే నిచ్చెన అంటారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి అక్కడ చిన్నపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పుకునే టీచర్లు పదకొండు మంది ఒకే మేడలో ఉండేవారు. వాళ్ళకి అన్నం తర్వాత అంత ముఖ్యమైనది నిచ్చెనే. నిన్న నిలబడ్డ నిచ్చెన ఇవాళ నిలబడదు గనక పొద్దున లేస్తూనే అందరూ మూడో అంతస్తులో డెల్ఫిన్ గదికి పరిగెత్తేవారు.

"అన్నయ్యా, చారింగ్ అత్త లేచిందా?"

"లేచింది గానీ కాఫీ తాగలేదు. పది నిమిషాలాగు."

"పోనీ సబెల్ అత్త?"

"ఆవిణ్ణి వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళు. ఉల్లిపాయల వాసన తగిలితే గానీ కదలదు."

"మరి ఉపెంగ్ అత్తో?"

"రాజధానిలో పెద్ద సభలు జరుగుతున్నాయిగా! ఆవిడకి పోలీసులంటే హడల్. సభలయ్యేదాకా దుప్పటి ముసుగు తియ్యదు."

కొన్నాళ్ళకి ఆ మేడలో అందరికీ ఇదే భాష అయిపోయింది. "రెండు గంటలు సబెల్ అత్తని పట్టుకుని వేలాడాను, తీరా అమ్మ కనపడగానే నన్ను కింద పడేసింది" అని మారివిక్ టీచరు చెబితే మిగతావాళ్ళు అయ్యో పాపం అనేవారు తప్ప ఒక్కరూ నవ్వేవారు కారు.

ఆ టీచర్లలో ఎఫ్రెన్‌కి మాత్రం ఈ భాష వింటే ఒళ్ళు మండేది. తమ దేశంలో ఇలోయిలో అనే పట్నంలో తొమ్మిదేళ్ళు కాలేజీ పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పినవాడు అతను. ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి కున్‌మింగ్ దాకా మోసుకొచ్చి గోడకి తగిలించుకున్నాడు. డెల్ఫిన్ చూడబోతే పసిపిల్లలకి పాటలు నేర్పే యాభై ఏళ్ళ మనిషి. ఒంటివేలితో, నాలుక బయటపెట్టి, అక్షరానికో నిమిషం చొప్పున టైపు చేస్తాడు. అలాంటివాడి నిచ్చెన నిలబడుతుంది, తనది పడిపోతుంది! ఇదెక్కడి న్యాయమో ఎఫ్రెన్‌కి అర్థమయ్యేది కాదు.

పైగా జనం డెల్ఫిన్ గదికి ఉత్త చేతులతో వెళ్ళేవారు కారు. మారివిక్ వేయించిన ఎండుచేపలు పట్టుకెళ్ళేది. ఇంకొకావిడ కొబ్బరి లడ్డూలు చేసి పెట్టేది. ఎఫ్రెన్ తలుపు ఎవరైనా కొట్టారంటే, చెత్తబుట్ట అడగడానికే.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒకటుంది. ఎఫ్రెన్‌కి పియా అని నాలుగేళ్ళ కూతురు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అతని ముఖం తెర మీద కొయ్యబారిపోయేది, అదీ ఎప్పుడూ నోరు తెరిచి ఉన్నప్పుడే. "ఇదిగో, మళ్ళీ ఆగిపోయావు" అనేది భార్య జోసెలిన్. "నాన్న చేపలా ఉన్నాడు" అనేది పియా. ఒకరోజు తప్పక డెల్ఫిన్ గదిలోంచి ఫోన్ చేస్తే, డెల్ఫిన్ మధ్యలో దూరి ఆరుగురు మేనత్తలూ ఒకేసారి పోట్లాడుకున్నట్టు ఆరు గొంతులతో మాట్లాడాడు. ఆ పిల్ల నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. అంతే, ఆనాటి నుంచీ ఒకటే పాట.

"అత్తల మావయ్యని పిలువు నాన్నా."

"ఆయన నిద్రపోతున్నాడమ్మా."

"పొద్దున్నే పదింటికా?"

"ముసలాయన కదూ, నిద్రెక్కువ."

కన్నకూతురితో అబద్ధమాడినందుకు ఎఫ్రెన్ సిగ్గుపడ్డాడు గానీ, ఆ సిగ్గు కన్నా కుళ్ళే ఎక్కువగా ఉండేది. ఏప్రిల్‌లో సొంతంగా ఒక నిచ్చెన కొనుక్కున్నాడు. "నాదానికి అత్తలూ లేరు, పిన్నులూ లేరు. యంత్రానికి పేరేమిటి?" అని అందరికీ వినపడేలా అన్నాడు. అది రెండు వారాలు నడిచి మూలపడింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే తాంగ్ ఆయీ అతన్ని మెట్ల మీద ఆపింది. ఆ మేడ ఊడ్చేదీ, వచ్చేపోయేవాళ్ళ రిజిస్టరు రాసేదీ ఆవిడే. పరాయివాళ్ళెవరైనా ఆ మేడలో రాత్రి ఉంటే పాస్‌పోర్టు చూసి రిజిస్టర్లో ఎక్కించి పోలీసులకి తెలపాలి.

"ఆ పాటల టీచరు గదికి రోజంతా జనమే. లోపల ఎవరున్నారు?" అని అడిగింది.

"ఆరుగురు ఆయీలున్నారు" అన్నాడు ఎఫ్రెన్.

అక్కడివాళ్ళకి అత్తా ఆయీయే, పిన్నీ ఆయీయే, ఇల్లు ఊడ్చి అంట్లు తోమే మనిషీ ఆయీయే. తాంగ్ ఆయీకి ఈ మూడింట్లో ఏది వినపడుతుందో ఎఫ్రెన్‌కి బాగా తెలుసు. తెలిసే అన్నాడు.

ఆవిడ ఒక చేత్తో రిజిస్టరు, ఒక చేత్తో చీపురు పట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కింది. ఎఫ్రెన్ మెట్ల మలుపులో నిలబడి చెవులు రిక్కించాడు.

"ఆరుగురా! పదిహేనేళ్ళుగా ఇంత మేడా నేనొక్కదాన్నే ఊడుస్తున్నాను. నీ ఒక్క గదికీ ఆరుగురు పనివాళ్ళు కావలసొచ్చారా? నా పనిలో ఏం లోటు కనపడింది నీకు?"

"ఏ ఆరుగురు, ఆయీ?"

"నన్నడుగుతావేం? చారింగట, సబెలట, పేర్లన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. పాస్‌పోర్టులు తియ్యమను!"

ఎఫ్రెన్‌కి చల్లటి గాలి తగిలినట్టయింది. డెల్ఫిన్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. గోడ మీది ఫోటో తీసి ఆవిడ చేతికిచ్చాడు. అందులో ఆరుగురు ఆడవాళ్ళు పూలగౌన్లు వేసుకుని, తలా ఒక గొడుగూ పట్టుకుని, చర్చి ముందు నిలబడి ఉన్నారు.

"మా నాన్న అక్కచెల్లెళ్ళు. పొద్దస్తమానం వీళ్ళనే తలుచుకుంటుంటాను. చీపురు పట్టేవాళ్ళు కారు ఆయీ, నన్ను కొట్టడానికి తప్ప."

తాంగ్ ఆయీ కళ్ళజోడు పెట్టుకుని ఆరుగుర్నీ వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఈ చివరావిడకి మోకాళ్ళ నొప్పులా?"

"అవును! మీకెలా తెలుసు?"

"నాకూ ఉన్నాయి కనక."

ఆ తర్వాత గంటసేపు మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారు. మర్నాటి నుంచీ ఆవిడ డెల్ఫిన్‌కి దోసకాయ ఊరగాయ తెచ్చివ్వడం మొదలెట్టింది. ఉచ్చు పన్నిందేమో ఎఫ్రెన్, ఊరగాయ దొరికింది డెల్ఫిన్‌కి. ఆ వారమంతా ఎఫ్రెన్‌కి అన్నం సహించలేదు.

అన్ని రోజులూ ఒకేలా ఉండవు గదా. మరుసటి వారం ఎఫ్రెన్ నిచ్చెన దానంతటదే లేచి కూర్చుంది! అతనేదో మీట నొక్కాడు, అందువల్లేననుకున్నాడు. జూన్ అంతా, జూలై అంతా అతని ముఖం తెర మీద ఒక్కసారీ ఆగలేదు. కాలరెగరేసుకుని తిరిగాడు. "చదువుకున్నవాడి చేతికీ, చదువుకోనివాడి చేతికీ తేడా ఉండదూ?" అని మారివిక్‌తో అన్నాడు. ఆవిడెందుకో నేల చూపులు చూసింది.

ఆగస్టులో ఒక ఆదివారం పియాకి ఐదో పుట్టినరోజు. పదింటికి కేకు. ఆ పూట డెల్ఫిన్ నీడ కూడా పడకుండా తానొక్కడే కూతురికి కనపడాలని ఎఫ్రెన్ పట్టుదల. పుట్టినరోజున తప్పనిసరైన పాన్సిట్ సేమ్యా తెల్లారే వండుకున్నాడు, పోగు తెగితే ఆయుష్షు తెగుతుందని ఊపిరి బిగబట్టి కలిపాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఫోన్‌ని గ్లాసుకి ఆనించి కూర్చున్నాడు.

తెర మీద చక్రం తిరిగింది.

ఆర్పి వెలిగించాడు. వైర్లు పీకి పెట్టాడు. చక్రం తిరుగుతూనే ఉంది. జోసెలిన్ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది: "కేకు ముందు కూర్చుంది. నువ్వు కనపడేదాకా కొవ్వొత్తి వెలిగించొద్దంటోంది." ఐదు నిమిషాల్లో ఇంకోటి: "ఏడుపు మొహం పెట్టింది."

ఎఫ్రెన్ ఫోన్ పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మూడో అంతస్తు చేరాడు. వసారాలో అప్పటికే నలుగురు తలా ఒక అత్తని పట్టుకుని ఇంటికి మాట్లాడుకుంటున్నారు. గదిలో డెల్ఫిన్ మంచం మీద కూర్చుని, చారింగ్ అత్త నిచ్చెన మీద అసలైన చారింగ్ అత్తతోనే మాట్లాడుతున్నాడు. ఎఫ్రెన్‌ని చూడగానే కంగారుగా లేచాడు.

"అయ్యో, ఉపెంగ్ అత్త పడిపోయిందా? నీ గదికొచ్చేది ఆవిడే. పాప పుట్టినరోజని తెలిసి కూడా చూసుకోలేదు, నా బుద్ధి..." అని నాలుక్కరుచుకున్నాడు.

"నా గదికా? నాది నా సొంత నిచ్చెన!"

"అవునవును, నీదే."

"అన్నయ్యా!"

డెల్ఫిన్ చెవులు ఎర్రబడ్డాయి. "నీది మేలోనే పోయింది తమ్ముడూ. కొళాయి బాగుచేస్తానని వచ్చానే, ఆ రోజు నీ ఇంటర్నెట్ పెట్టెలోకి ఉపెంగ్ అత్తని ఎక్కించాను."

"కొళాయి ఇప్పటికీ కారుతోంది!"

"నాకు కొళాయి పని రాదు."

"ముందే చెప్పి ఉండొచ్చుగా?"

"చెబితే పీకి పారేసేవాడివి. పాపకి చేపే మిగిలేది."

ఎఫ్రెన్ నోట వచ్చిన మాట తను చెప్పాలనుకున్నది కాదు. "తాంగ్ ఆయీకి చెప్పింది నేనే."

"తెలుసు. రిజిస్టర్లో 'తెలిపినవారు' అన్నచోట నీ పేరే ఉంది. దాని కిందే కదా నా చేత సంతకం పెట్టించింది." డెల్ఫిన్ అప్పటికే ఫోన్‌లో ఒంటివేలితో వెతుక్కుంటున్నాడు. "ఆవిడ మళ్ళీ అడిగినా అత్తలనే చెప్పు. మీకు నిచ్చెనల అసలు పేర్లు తెలిస్తే ఎవరైనా నిలదీసినప్పుడు చెప్పాల్సొస్తుంది. మేనత్త పేరు చెప్పినందుకు ఎవర్నీ ఏమీ అనరు. ఉండు, దీని మీద ఒక్కరికే చోటు. అత్తా! చారింగ్ అత్తా! దిగు!"

"ఎక్కణ్ణించి దిగాలిరా? కుర్చీలో కూర్చున్నాను" అంది ఫోన్‌లోంచి అత్త.

"నీ మీంచి నువ్వు దిగత్తా! చంటిది ఎక్కాలి!"

"పొద్దున్నే తాగావుట్రా, వెధవా?"

డెల్ఫిన్ ఆవిడ తిట్టు పూర్తికాకుండానే ఫోన్ కట్టేసి, ఎఫ్రెన్ ఫోన్‌లోకి చారింగ్ అత్తని ఎక్కించాడు. తెర తెల్లబడి, నీలమై, దాంట్లో కేకూ, కేకు వెనక తడి కళ్ళతో పియా కనపడ్డారు.

"నాన్నా! నోరు మూసుకునే ఉన్నావు!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. అంతలో కళ్ళు చికిలించి చూసింది. "వెనకాల గోడకి అంటుకుపోతున్నది ఎవరు?"

డెల్ఫిన్ తెరలో పడకుండా గోడ వెంబడి పక్కకి జరుగుతూ తలుపు వైపు వెళ్తున్నాడు. ఎఫ్రెన్ గుండెలో పాత మంట భగ్గుమంది. ఇంత చేసి, సంతకం కూడా పెట్టి, ఒక్క మాటా అనకుండా ఊరుకున్నాడే! కనీసం మంచితనంలోనైనా తనకి కాస్త చోటు వదలకూడదా ఈ మనిషి? నిద్రపోతున్నాడన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

ఎఫ్రెన్ చెయ్యి చాచి డెల్ఫిన్ చొక్కా పట్టుకుని తెర ముందుకి లాగాడు.

"మీ పెదనాన్నే, తల్లీ. ఇప్పుడే నిద్ర లేచాడు."

"పెదనాన్న పాడితేనే ఊదుతా!" అంది పియా.

డెల్ఫిన్ ఎఫ్రెన్ వంక భయంభయంగా చూసి, గొంతు సవరించుకుని, పుట్టినరోజు పాట మొదలెట్టాడు. ఎఫ్రెన్ రెండో మాట దగ్గర అందుకుని, ఆయన గొంతు ఇలోయిలో దాకా వినపడకుండా, మేడంతా దద్దరిల్లేలా పాడాడు.