ఎవరూ చెప్పని ఫిర్యాదు

పదకొండేళ్లు. అన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోసుకు తిరిగాను. పెద్దదేం కాదు, మూడు నాలుగు వాక్యాలు. చెప్పడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. దాచడానికి మాత్రం నా ఉద్యోగంలో సగం కాలం పట్టింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అయినా మీకే చెప్పాలి. ఇవాళ పొద్దున్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నం ముందు కూర్చుని లేచి వచ్చేశాను. రాస్తుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఓపిక పట్టి చదవండి.

ముందు మా కంపెనీ గురించి చెప్పనివ్వండి. తప్పు ఒప్పుకుంటానని కూర్చుని గొప్పలు చెబుతున్నాడేమిటని అనుకోవద్దు. ఆ గొప్ప తెలియకపోతే ఈ తప్పు అర్థం కాదు.

డెబ్బైల మొదట్లో అనంతపురంలో బోర్లు వేసే కంపెనీలో మేనేజరుగా చేరాను. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, లారీ మీద బిగించిన ఒక పాత రిగ్గు, ఎనిమిది మంది మనుషులు. యజమాని శెట్టి గారిది హిందూపురం. వరసగా వానలు మొహం చాటేసిన రోజులవి. బావులన్నీ అడుగంటాయి. రాతిని తొలిచి నీళ్లు తెచ్చే యంత్రం వచ్చిందంటే జనం మమ్మల్ని ఎగాదిగా చూసేవారు.

ఆ రిగ్గు నడిపేది ఓబులేసు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. ఐదో తరగతితో బడి మానేసి, రాళ్ల క్వారీలో పనిచేసి మా దగ్గరికి వచ్చాడు. మొదటి బోరు శింగనమల దగ్గర ఒక ఊళ్లో వేశాం. నూట యాభై అడుగులు దిగినా తెల్లటి పొడి తప్ప ఏమీ రావడం లేదు. రైతు తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆపేయమన్నాను. ఓబులేసు పైకి వచ్చిన పొడిని చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"ఇంకొక్క రాడ్డు దించుదాం సార్. రాయి సద్దు మారిండాది. వినండి."

చెవులు చిల్లులు పడే మోత తప్ప నాకేం వినిపించలేదు. అతను దించాడు. కాసేపటికి పొడి ముద్దయింది. ముద్ద బురదయింది. తర్వాత ఒక్కసారిగా, ఏం చెప్పను, నీళ్లు లారీ కంటే ఎత్తుకి ఎగిశాయి! ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఆడవాళ్లు చీరలు తడుస్తున్నా లెక్కచేయకుండా బిందెలు పెట్టారు. నేను నిలువునా తడిసి ఏదో అరుస్తున్నాను. ఏమరిచానో గుర్తులేదు. గొంతు మాత్రం రెండు రోజులు పనిచేయలేదు. ఈ పని తప్ప ఇంకో పని చేయనని ఆ క్షణంలోనే తేల్చుకున్నాను.

తర్వాత ఆగింది లేదు. రెండో రిగ్గు వచ్చింది, మూడోది వచ్చింది. వేరుశనగ చేలల్లో, కొండల పక్కన, ఉరవకొండ నుంచి కదిరి దాకా తిరిగాం. వజ్రకరూరు దగ్గర బోరు వేస్తే జనం మా పొడిని చేటల్లో జల్లించుకునేవారు, ఎక్కడైనా వజ్రం తగులుతుందేమోనని! నవ్వలేక చచ్చేవాళ్లం. కొత్త రిగ్గు షెడ్డులోకి వచ్చిన ప్రతిసారీ నాకు పండగే.

వాటికంటే నాకు ఇష్టమైంది మనుషులు ఎదగడం. రాడ్లు మోయడానికి చేరినవాడు మూడేళ్లలో డ్రిల్లరయ్యేవాడు. సంతకం రానివాడు రిపోర్టు రాసేవాడు. చుట్టుపక్కల కంపెనీల్లో నాకు పేరొచ్చింది, 'మనుషుల్ని తయారుచేసే మేనేజరు' అని. ఆ పేరంటే నాకు పిచ్చి. ఎవరైనా అంటే వినబడనట్టు నటించి, మళ్లీ అంటారేమోనని చూసేవాణ్ణి.

నిజం చెప్పనా? ఆ తయారైనవాళ్లలో సగానికి పైగా ఓబులేసు చేతికింద తయారైనవాళ్లే. కొత్తవాణ్ణి అతని రిగ్గుకి పంపేవాణ్ణి. పనివాడై తిరిగొచ్చేవాడు. అతను తిట్టడు. రాడ్డు జారితే ముందు మనిషి చెయ్యి చూస్తాడు, తర్వాత రాడ్డు చూస్తాడు. అతని రిగ్గులోంచి మానేసి పోయినవాడు ఒక్కడు లేడు. ఇది నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అందుకే నేను చేసింది పొరపాటు అనడానికి లేదు. తెలిసి చేశాను.

డెబ్బైల చివర్లో శెట్టి గారు ఉరవకొండలో బ్రాంచి పెట్టాలనుకున్నారు. మూడు రిగ్గులు, పాతిక మంది. స్థలం చూసి జీపులో తిరిగొస్తున్నాం. మిట్టమధ్యాహ్నం. ఉన్నట్టుండి అడిగారు.

"ఏమప్పా, ఈ బ్రాంచికి మేనేజరుగా మన ఓబులేసును పెడితే ఎట్లుంటాది?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ మౌనం కూడా లెక్క ప్రకారమే పాటించానని ఇప్పుడు అనిపిస్తుంది.

"పనిలో ఆయప్పకు సాటి లేదన్నా," అన్నాను. "మనుషుల్ని పెట్టుకుని నడిపే గుణమే లేదు. చేతికింద వాళ్లు తట్టుకోలేకపోతాండారు. ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి చెప్పుకున్నారు."

"అవునా! నాకు తెలీదే."

"మీ దాకా ఎందుకని నేనే సర్దినా."

"మనుషుల సంగతి నీకే తెలుస్తాది లే," అన్నారు శెట్టి గారు. అంతే. జీపు కూడేరు దాటేలోపల ఒక మనిషి బతుకు దారి మళ్లించేశాను.

ఎందుకు? పదకొండేళ్లుగా అడుగుతున్నాను. అతను పోతే నా రిగ్గులు కుంటుపడతాయని భయమా? అదీ ఉంది. ఆ కారణం చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది కాబట్టి చాలా ఏళ్లు అదే చెప్పుకున్నాను. అసలుది వేరు. దానికి వారం ముందు షెడ్డులో అందరి ముందూ శెట్టి గారు నవ్వుతూ, "ఓబులేసు ఉంటే మనిద్దరం లేకపోయినా కంపెనీ నడుస్తాదప్పా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లేదాకా ఆ మాట నా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. ఇంతే. ఇంత చిన్నదానికి!

అక్కడితో ఆగినా బాగుండేది. బ్రాంచికి ఇంకొకరిని పంపారని తెలిసి ఓబులేసు నా గదికి వచ్చాడు. కోపం లేదు, తెలుసుకోవాలని వచ్చాడంతే. నేను కుర్చీ చూపించి, పెద్దరికంగా, నీకు మనుషుల్ని నడిపే గుణం తక్కువని, నీ చేతికింద వాళ్లే చెప్పారని అన్నాను.

"ఎవరు సార్ చెప్పినది?"

"పేర్లు చెప్పకూడదు ఓబులేసూ. నన్ను నమ్మి చెప్పుకున్నారు."

వినండి ఆ మాట. నమ్మి చెప్పుకున్నారట!

అతను మారాడు. అంతకుముందు రిగ్గు దగ్గర అతని నవ్వు కంప్రెసర్ మోతలో కూడా వినిపించేది. అది తగ్గింది. మనుషులకు పని చెప్పేముందు ఆగి, మాట వెతుక్కునేవాడు. తనతోపాటు మొదటి బోరు నుంచీ పనిచేసిన బామ్మర్ది గంగన్నను ఆ ఏడాదే రిగ్గు నుంచి పంపేశాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నేను పట్టించుకోలేదు.

ఎనభైల మధ్యలో బళ్లారి నుంచి ఒకాయన వచ్చి, కొత్త రిగ్గు కొంటున్నాను, భాగస్తుడిగా వచ్చి నడుపు అని ఓబులేసును అడిగాడు. అతను సలహా కోసం నా దగ్గరికే వచ్చాడు. దిద్దుకోవడానికి ఎంత మంచి సమయం! నాలుక చివరిదాకా వచ్చింది. అతనే తల వంచుకుని, "నాకు మనుషుల్ని పెట్టుకోను చేతకాదని మీరే చెప్పినారు గదా సార్. ఆడ ఆయన పరువు కూడా తీస్తానేమో" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నీ ఇష్టం" అన్నాను. అతను బళ్లారి వెళ్లలేదు. మొదటి అబద్ధం కంటే ఈ రెండు మాటలే ఎక్కువ పాపమని ఇప్పుడు అనుకుంటున్నాను.

పోయిన నెల నేను రిటైరయ్యాను. పదకొండు రిగ్గుల కంపెనీ. షామియానా వేశారు, పూలదండలు తెచ్చారు. శెట్టి గారు నన్ను పొగిడారు. తర్వాత ఓబులేసును మాట్లాడమన్నారు. మైకు పట్టుకోవడం రాక దాన్ని రాడ్డులా పట్టుకున్నాడు.

"సారు నాకు మొహం మీద నిజం చెప్పినారు. ఇంకొకరైతే పొగిడి పంపించేవాళ్లు. పోయి ఆడ పాడయ్యేవాణ్ణి. సారు వల్లే మర్యాదగా బతికినా."

చప్పట్లు మోగాయి. నా చేతులు లేవలేదు. మెడలో దండ బరువుకి కాదు, ఆ మాట బరువుకి. ఇతను కసిగా ఉండి ఉంటే ఇంకో పదేళ్లు మోసేవాణ్ణేమో. కృతజ్ఞత చెప్పాడు. దాన్ని మోయలేకపోయాను.

ఇవాళ పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. ఓబులేసు బృందం వజ్రకరూరు దగ్గర ఒక చేనులో బోరు వేస్తోంది. నేను చేరేసరికి టీ తాగుతున్నారు. అతను లేచి తన గ్లాసు పక్కన పెట్టి నాకు టీ పోయబోయాడు. వద్దన్నాను. పక్కకి పిలిచాను. గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. జీపు, శెట్టి గారి ప్రశ్న, నా జవాబు, నా అసూయ. అన్నీ.

అతను చేను వైపు తిరిగాడు. తర్వాత ఒకే ఒక్కటి అడిగాడు.

"ఎంతమంది చెప్పినారు సార్, నా మీద?"

"ఎవరూ చెప్పలేదు."

"ఒక్కరు గూడా?"

"ఒక్కరు కూడా. నేనే కల్పించినా."

"అయితే గంగన్న చెప్పలేదా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయిపోయింది. "వాడే అనుకుంటి సార్. నా పక్కన ఉండి నా మీదే చెప్పినాడని పంపిచ్చేస్తిని. వాడి బిడ్డ పెండ్లికి గూడా పోలేదు. మా ఆడమనిషిని గూడా పోనీలేదు."

ఒక్క పదవి తప్పించాననుకున్నాను. రెండు ఇళ్ల మధ్య గోడ కట్టానని నాకు ఇవాళ తెలిసింది.

ఓబులేసు నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. తలకు కట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "గంగన్న శింగనమలలోనే ఉండాడు. పోతాండా," అన్నాడు. నాతో కాదు, గాలితో అన్నట్టు. రోడ్డు వైపు నడిచాడు. మొదట నడక, తర్వాత ఇంచుమించు పరుగు. నాకు నమస్కారం పెట్టకుండా అతను వెళ్లిపోవడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. దానికి బాధపడే హక్కు నాకు లేదు.

రిగ్గు మీది మనుషులు నా చుట్టూ చేరారు. "మా అన్న యాడికి పోతాండాడు సార్? ఏమైనాది?" అని అడిగారు.

ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. ఆ విద్య నాకు బాగా వచ్చు. కానీ అప్పటికి నోరు తెరుచుకుంది, మూయడం నా వల్ల కాలేదు. అక్కడే, ఎండలో, ఆరుగురి ముందు మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. గట్టిగా చెప్పాను. వాళ్లలో ఒకడు నా మొహంలోకి చూసి తల తిప్పుకున్నాడు. ఇంకొకడు పోయి యంత్రం స్టార్ట్ చేశాడు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. బస్సు కోసం రెండు మైళ్లు నడిచాను. నా కాళ్లు అంత తేలిగ్గా పడటం ఎన్నేళ్లయిందో! ఇంత ద్రోహం చేసినవాడికి ఈ ఉల్లాసమేమిటని నన్ను నేనే గద్దించుకున్నాను. అయినా అది తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించడానికి మీ చేతిలో ఏమీ లేదు. గంగన్న తలుపు తీశాడో లేదో నాకు తెలియదు. బళ్లారి ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. రేపు హిందూపురం వెళ్లి శెట్టి గారికి చెప్పాలి. ఆయన ఆ దండను వెనక్కి తీసుకున్నా తీసుకోవచ్చు.

ఈ ఒక్కటీ అక్షరం అక్షరం విడిగా కనబడేలా రాయాలని చూస్తున్నాను. ఓబులేసుకు మనుషుల్ని నడపడం వచ్చు. నాకంటే బాగా వచ్చు. అతని మీద ఎవరూ, ఎన్నడూ, ఏ ఫిర్యాదూ చేయలేదు. అది నేను పుట్టించాను.