రెండో షరతు తీర్చిన మేడమ్

మా కంప్యూటర్ మేడమ్ ఇక లేరని పోయిన ఆదివారం పొద్దున బూర్గంపాడు నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటట. ఖమ్మంలో బస్సెక్కి మా గూడెం చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆమె రాకముందు మా బడిలో కంప్యూటర్లకు గుడ్డలు కప్పి ఉంచేవారు. ఆమె వచ్చిన రోజే ఆ గుడ్డలు తీసేసి, మళ్ళీ కప్పనివ్వలేదు. కరెంటు ఉంటే తెర మీద, పోతే బోర్డు మీద పాఠం నడిచేది. సుద్దముక్క కొప్పులో దోపుకుని క్లాసంతా వెతికేవారు. మేం చెప్పేవాళ్ళం కాదు.

ప్రోగ్రాంలో షరతులు ఎలా రాయాలో చెప్పడానికి ఆమె పుస్తకం తెరవలేదు. ఎండాకాలం మేమంతా అడవిలో కోసే తునికాకు, అదే బీడీల ఆకు, సంగతి ఎత్తుకున్నారు. ఆకు లేతగా ఉండాలి, 'మరియు' చిల్లు ఉండకూడదు. రెండూ నిజమైతేనే కట్టలోకి. నేను 'మరియు' ఉండాల్సిన చోట 'లేదా' పెట్టాను. ఇంకేముంది, చిల్లులు పడ్డ లేతాకు, చిల్లు లేని ముదురాకు అన్నీ కట్టలో చేరాయి. ఆమె తిట్టలేదు. ఈ కట్ట కల్లానికి తీసుకుపో, కొనేవాళ్ళు ఏమంటారో విందాం అన్నారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కంప్యూటరుకు మొహమాటం ఉండదు, నువ్వు రాసిందే చేస్తుంది అని ఎప్పుడూ అనేవారు.

పదో తరగతి అయ్యాక ఖమ్మంలో డిప్లొమా సీటు వచ్చింది. నాయిన రెండు షరతులు పెట్టాడు. హాస్టల్ దొరకాలి, దారికి తోడుండాలి. హాస్టల్ దొరికింది. తోడు వచ్చేవాళ్ళే లేరు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. మేడమ్ మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నారు. నాయినతో వాదిస్తారేమో అని భయపడ్డాను.

"రెండూ కావాలంటున్నరు కదన్నా, న్యాయమే. తోడు నేను పోతా" అన్నారు.

చదువు అయ్యేదాకా, సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళిన ప్రతిసారీ నాతో బస్సెక్కారు. హాస్టల్ గేటు దగ్గర దింపి, అదే పూట వెనక్కి వెళ్ళేవారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే.

నేను ఇంటికి చేరేసరికి నాయిన చేనులోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఆమెకు తోడు ఎవరున్నరు బిడ్డా?" అని అడిగాడు.

మధిర దిక్కు నుంచి ఆమె తమ్ముడొక్కడే వచ్చిండని చెప్పాను. నాయిన నాతో పాటు మేడమ్ ఇంటికి వచ్చాడు. పాడె ఒక పక్క తనే ఎత్తుకున్నాడు.

గోదావరి ఒడ్డున చితి అంటుకున్నాక అందరూ స్నానాలు చేసి వెళ్ళిపోయారు. నేను పిలిస్తే నాయిన నువ్వు పో అన్నట్టు చెయ్యి ఊపాడు. కరకట్ట ఎక్కి వెనక్కి తిరిగి చూశాను. తడి తువ్వాలు భుజాన వేసుకుని, మంట వైపు తిరిగి, ఇసుకలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు.