బస్సు కోసం ఆగని కాయలు

మర్రిపాడు దగ్గర వాగు పక్కన అరెకరం చేనున్న ఒక అవ్వ, టమోటాలను ఒక్కొక్కటే కొంగుతో తుడిచి గంపలో పెట్టేది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే చిరాకు.

తొంభైల్లో నేను చిన్న రైతులకు చవక పంపులు పెట్టించే సంస్థలో పనిచేసేవాణ్ణి. కరెంటు అక్కర్లేని, కాలితో తొక్కే పంపును ఆమె బావికి నేనే పెట్టించాను. "పంట పండించు అవ్వా, ఆత్మకూరు మార్కెట్టులో మంచి గిరాకీ ఉండాది" అని ధీమాగా చెప్పాను కూడా. నెలల తరబడి ఆమె పంపు తొక్కింది. తోట విరగకాసింది.

మొదటి కోత రోజు తెల్లవారుజామునే ఇద్దరం నాలుగు గంపలతో రోడ్డు మీద నిలబడ్డాం. వచ్చిన బస్సు కిక్కిరిసి ఉంది. "మనుషులకే చోటు లేదు, గంపలెక్కడ పెట్టేది?" అని కండక్టరు రైట్ చెప్పేశాడు. తర్వాతి బస్సూ అంతే. లారీలు ఆగనే లేదు. మధ్యాహ్నం బస్సులో ఆత్మకూరు చేరేసరికి వేలంపాట ముగిసింది. గంపల అడుగున కాయలు చితికి రసం కారుతోంది. ఎవరూ కొనలేదు.

నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆమె మాత్రం తిట్టలేదు.

"నీళ్ళు తెచ్చినావు, బాగానే ఉండాది అబ్బయ్యా. బస్సు సంగతి ఎవురు చూడాల?"



మరుసటేడు వెళితే చేనంతా మిరప. టమోటా మొక్క ఒక్కటీ లేదు. ఎందుకని అడిగాను.

"ఎండుమిరపకాయలైతే బస్సు వచ్చిందాకా కాసుకొనుంటాయి" అంది.