పొత్తిళ్లు విప్పనివ్వని తల్లి

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, చెబుతాను. డెబ్బై ఆరో సంవత్సరం. భవానీపురంలో ఏటి ఒడ్డుకు దగ్గరలో మునిసిపాలిటీ వాళ్ల తల్లీపిల్లల కేంద్రం ఉండేది. నేనక్కడ ఆయాని. వారానికోసారి చంటిపిల్లల్ని తూచేవాళ్లం. తూచేది హెల్త్ విజిటరమ్మ గారు, అంటే ఇళ్లకు తిరిగి బాలింతల్నీ పిల్లల్నీ చూసే ఉద్యోగి. బిడ్డను కాటా మీదికి అందించేది నేను.

బిడ్డను తూస్తే దిష్టి తగులుతుందని తల్లులకు భయం. అందుకని పొత్తిళ్లతోనే తూచి, గుడ్డ బరువు కింద కొంత తీసేసేవాళ్లం.

నాంచారమ్మ చేపలు పట్టే ఇంటి కోడలు. తొలి కాన్పు, ఆడపిల్ల. చిక్కిన పిల్లలకిచ్చే పాలపొడి ఆ పిల్లకూ ఇచ్చాం. ఆ తర్వాత వారం వారం బరువు పెరుగుతూ వచ్చింది. పెరుగుతున్న పిల్లకు కళ్లు గుంటలు పడతాయా? ఏడుపు పిల్లికూన ఏడుపులా ఉంటుందా?

“పాలపొడి టీకొట్టుకు అమ్ముతోందేమోనమ్మా,” అన్నాను.

“అమ్ముకునేదైతే బరువు తగ్గాలి గదా ఆయమ్మా. ఇందులో ఇంకేదో ఉంది,” అన్నారు విజిటరమ్మ గారు.

మరుసటి వారం పొత్తిళ్లు విప్పమన్నాం.

“వద్దండి, దిష్టి తగులుద్ది. ఇన్నాళ్లూ ఇట్టాగే తూశారు గదా. ఇయ్యాల కొత్తగా ఏవొచ్చిందండి?” అంది నాంచారమ్మ.

మేం ఆమెను ఎంత అనుమానంగా చూస్తున్నామో, ఆమె కూడా మమ్మల్ని అంత అనుమానంగానే చూసింది. నేను బిడ్డను అందుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది. ఆ పెనుగులాటలో పొత్తిళ్ల ముడి జారింది. గచ్చు మీద టకటకా ఏవో రాలాయి. వల నీళ్లలో మునగడానికి అంచుకు కట్టే సీసపు గుళ్లు.

“నీ బిడ్డకేనటే ఈ మోసం?” అన్నాను.

“బరువు తగ్గితే పెద్దాసుపత్రికి రాత్తారు. అక్కడ తల్లిని పట్టుకుని ఆపరేషన్ చేసేత్తన్నారంట. ఇది దక్కుద్దో లేదో తెలవదు. ఇంకోటి పుట్టే దారి కూడా మూసెయ్యమంటారా?”

ఎమర్జెన్సీ రోజులు, పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేస్తున్నారని ఊరంతా భయపడే కాలం. ఆసుపత్రి పేరెత్తితే ఆ వాడలో తలుపులు పడేవి.

విజిటరమ్మ గారు పిల్ల కడుపు మీద చర్మం పట్టి వదిలారు. ముడత ముడతగానే ఉండిపోయింది. “ఒంట్లో నీరంతా ఇంకిపోయింది. ఈ పూటే సెలైన్ ఎక్కించాలి. నిన్నెవరూ ముట్టుకోరు, నాదీ పూచీ.”

“మీరట్టాగే అంటారు.”

“ఆయమ్మ నీ పక్కనే ఉంటుంది.”

నాంచారమ్మ నన్ను ఎగాదిగా చూసి, తన కొంగు తెచ్చి నా కొంగుకు ముడేసింది. “ఇప్పుడు పదండి.”

రిక్షాలో అలాగే వెళ్లాం. వార్డులో అలాగే కూర్చున్నాం. “ఏవమ్మా, మీ ఇద్దరికీ పెళ్లా?” అని నర్సమ్మ నవ్వింది. నాంచారమ్మ నవ్వలేదు. వాళ్లిచ్చిన రొట్టె ముట్టలేదు. మంచినీళ్లు కూడా ముందు నేను తాగి చూపిస్తేనే తాగింది. ఎవరు తెర పక్కకు జరిపినా ముడి పట్టుకునేది.

తెల్లవారాక పిల్ల వార్డంతా వినబడేలా ఏడ్చింది. అప్పుడు నాంచారమ్మ తనే ముడి విప్పింది. “ఇంటికెళ్లండి ఆయమ్మా, పొయ్యి రాజేసుకోవాలి గదా.”

ఆ తర్వాత తూచే రోజున పిల్లను పొత్తిళ్లు తీసేసి, ఒట్టి మొలతాడుతో, అరికాలి దిష్టిచుక్కతో కాటా మీద తనే పడుకోబెట్టింది. ముల్లు నిలిచేదాకా మాతోపాటు వంగి చూసింది.

అప్పట్నుంచీ ఏ తల్లి పొత్తిళ్లు విప్పనన్నా నేను ముందు కోప్పడలేదు. దేనికి భయమమ్మా అని అడిగి, చెప్పేదాకా పక్కన కూర్చున్నాను.

మీ ఇంట పసిబిడ్డలు వీధి చివరిదాకా వినబడేలా ఏడవాలి, కడుపునిండా తాగి నిద్రపోవాలి. చల్లగా ఉండండి.