ఫోటోకి దొరకని పెద్దమ్మ

ఒక రచనలో ఎన్ని లింకులుంటే రాసినవాళ్ళకి అంత గౌరవమని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుంది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, హిందీ రాష్ట్రపు అంచున ఉన్న భోపాల్‌పట్నంలో మా కిరాణా దుకాణం వెనక గదిలో బియ్యం బస్తాల మీద కూర్చుని ఫోనులో బ్లాగు రాసుకునే రోజులవి. చదివేవాళ్ళు తొమ్మిది మంది (అందులో ఒకదాన్ని నేనే). అప్పుడే నాకొక టూల్ దొరికింది. మనం రాసింది దానికి అప్పగిస్తే చాలు, మాటలు తనే చదువుకుని, తోచిన చోటల్లా లింకులు తగిలించి, బొమ్మలు వెతికి తెచ్చి అతికించేది. ఒక్క మీట నొక్కితే నా టపా పెద్ద పత్రికలో వ్యాసంలా కనబడుతుందని మురిసిపోయాను. నిజంగా అలా కనబడిందో లేదో మాత్రం నాకు తెలియదు. మా ఊరి నెట్‌వర్కు అక్షరాల్ని ఎలాగో మోసుకొచ్చేది గానీ, బొమ్మలు మోసే బలం దానికి లేదు. అవి ఉండాల్సిన చోట బూడిదరంగు గళ్ళు కనబడేవి. ఆ గళ్ళ వెనక గొప్ప బొమ్మలే ఉండి ఉంటాయని నా ధీమా.

ఆ వానాకాలం మా పెద్దమ్మ పోయింది. మా నాన్నకి వదిన. నన్ను పెంచింది ఆవిడే. జ్వరం నాలుగు రోజులే. వాగు పొంగి బీజాపూర్ దారి మూసుకుపోయింది. దారి తెరుచుకునేసరికి ఇక ఆసుపత్రితో పని లేకుండా పోయింది.

ఫ్రేము కట్టిద్దామంటే ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని "నా మొకం ఏం సూస్తవ్, పోయి అన్నం తిను" అని కసిరేది. పెళ్ళిళ్ళలో కెమెరా లేచిందంటే ఆవిడకి వంటింట్లో పని గుర్తొచ్చేది. అన్నీ వెతికితే ఒకదాంట్లో మోచెయ్యి, ఇంకోదాంట్లో వీపు దొరికాయి. ఆధార్ కార్డులో ఒక మొహం ఉంది, కానీ అది ఎవరిదైనా కావచ్చు.

మూడో రోజు, ఏడుస్తూనే, ఆవిడ గురించి ఒక టపా రాశాను. గిరాకీలతో గోండీలో, కూరలమ్మే వాళ్ళతో హల్బీలో, తహసీల్ వాళ్ళతో హిందీలో మాట్లాడే మా పెద్దమ్మ తిట్లు మాత్రం తెలుగులోనే తిట్టేదని రాశాను. ప్రయాణానికి కట్టిచ్చే పులిహోర గురించీ, చింతచిగురు పప్పు గురించీ రాశాను. ఇంత మనిషికి ఉత్త అక్షరాలేం సరిపోతాయనుకుని దాన్ని టూల్‌కి అప్పగించి మీట నొక్కాను.

పెద్దకర్మకి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టాలన్నది మా ఝట్‌పట్ బావ ఆలోచన. జగదల్‌పూర్‌లో ఉండే మేనత్త కొడుకు (ఏ పనైనా ఆలోచించేలోపే చేసేస్తాడని ఆ పేరు పెట్టింది పెద్దమ్మే).

"ఫోటో లేదు గద బావా," అన్నాను ఫోనులో. "నా బ్లాగు లింకు పంపిస్త, అండ్లకెళ్ళి నాలుగు మాటలు తీసి ఏయించు."

"అరే, లింక్ భేజ్ దో. మిగిలింది దుకాణపాయన చూసుకుంటడు."

పంపాను. బావ దాన్ని చూడకుండానే ఫ్లెక్సీ దుకాణానికి తోసేశాడు.

కర్మ రోజు పొద్దున్న, సన్నగా వాన పడుతుండగా, బావ బస్సు దిగాడు, చంకలో ప్లాస్టిక్ చుట్టిన ఫ్లెక్సీతో. రెండు వెదురు కర్రలకి కట్టి కిందికి వదిలారు. మొదట హిందీలో శ్రద్ధాంజలి, పెద్దమ్మ పేరు. కింద ఒక మొహం. కత్తిరించిన తెల్ల జుట్టు, కళ్ళద్దాలు, మెడలో ముత్యాలు, చేతిలో కాఫీ కప్పు, పళ్ళన్నీ కనబడే నవ్వు. ఏ దేశపు అమ్మమ్మో. ఆమె భుజం వెనక ఒక పెద్దపులి. మూలన ఒక గుడి గోపురం.

బ్లాగులో ఉన్న బొమ్మలన్నీ వాడమన్నారనుకున్నాడట దుకాణపాయన. బావ తన ఫోనులో, తర్వాత తీరిగ్గా చూద్దామని దించి పెట్టుకున్న టపా తెరిచి చూపించాడు. అందులో ఏముందో నేను చూడటం అదే మొదలు. 'మాతృమూర్తి' అన్న మాటకి ఆ ముత్యాల అమ్మమ్మని, పులిహోరలో మొదటి రెండక్షరాలు చూసి పులిని తెచ్చింది టూల్. చింతచిగురు దగ్గర మనోవేదన తగ్గించే మందుల లింకు. 'పెద్దమ్మ' మీద నొక్కితే ఎక్కడిదో పెద్దమ్మతల్లి గుడి దర్శన వేళలు.

వచ్చినవాళ్ళు ఏడుపు ఆపి చూస్తున్నారు. అమ్మ నా వైపు చూసిన చూపుకి బస్తాల వెనక దూరిపోవాలనిపించింది. అప్పుడు పెదనాన్న బయటికొచ్చాడు. ఆవిడ పోయిననాటి నుంచి ఆయన ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. వానలో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎవరు బిడ్డా ఈమె?"

"తెల్వదు పెదనాన్నా."

"ఎనుక పులేంది?"

"పులిహోర, పెదనాన్నా."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"ఉన్నన్నాళ్ళు ఫోటో దిగలే. పోయినంక గూడ తప్పిచ్చుకున్నది సూడు!"

ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో మాకెవరికీ తెలియలేదు. వాకిట్లోనే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. బావ గబగబా ఫ్లెక్సీని వెనక్కి తిప్పి కట్టాడు. తెల్లటి వెనకవైపు వానకి తడుస్తుండగా కర్మ నడిచింది.

సాయంత్రం టపా తీసేస్తానని పెదనాన్న దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన చదువంతా హిందీలోనే, తెలుగు అక్షరాలు రావు. "ఏం రాసినవో సదువు," అన్నాడు. చదివాను. సగంలో ఆపి, "ఇది రాయలే నువ్వు," అంటూ మొదలుపెట్టాడు. పెళ్ళయిన కొత్తలో ఇంద్రావతి మీద పడవలో వస్తూ, ఆవిడ దారంతా కళ్ళు మూసుకుని ఆయన మణికట్టు పట్టుకుందట. ఒడ్డున దిగాక చూస్తే అయిదు గోళ్ళ గుర్తులు. "ఆ గుర్తులు పోవద్దనుకున్న," అన్నాడు. లింకులూ బొమ్మలూ అన్నీ పీకేసి, అది రాసుకున్నాను.

ఆ తర్వాత నాకు జగదల్‌పూర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు పెదనాన్న ఫోను చేసేవాడు. "ఇంకొకటి యాదికొచ్చింది, రాస్కో." రాసేదాన్ని. పోయిన ఎండాకాలం ఆ ఫోన్లూ ఆగిపోయాయి. ఆఖరిసారి చెప్పింది చిన్న సంగతే: బియ్యం ఏరుతూ ఆవిడ ఏదో కూనిరాగం తీసేదట, ఆయన అరుగు మీద నిద్రపోతున్నట్టు నటిస్తూ వినేవాడట.

ఆ టపా ఇప్పుడు చాంతాడంత అయింది. చివరిదాకా చదివేవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప. అప్పుడప్పుడు తెరుస్తాను. మొదటి పేరాలో 'అశ్రుధారలు', 'అస్తమించిన మాతృమూర్తి' అని ఉంటుంది. దిద్దబోయి, ఏడుపు కూడా గ్రంథాల భాషలోనే ఏడవాలనుకున్న ఆ పిల్లని తలుచుకుని నవ్వొచ్చి, అలాగే వదిలేస్తాను.